ఇంటిముంగిట జాబుల పెట్టె



కొయ్యూరు ప్రాంతమున టపా అనగానే ముందుగా జ్ఞప్తికి వచ్చునది మిరపకాయ టపా. 1922 వ సంవత్సరమున అల్లూరి సీతారామరాజుగారు ఠాణాపై దాడికి వచ్చుచున్నానని ముందుగానే జాబు వ్రాసి, దానికి మిరపకాయ కట్టి పంపెడివారని ప్రసిద్ధి. 1924 మే 7 వ తేదీన ఆయన నేలకొరిగినది ఈ కొయ్యూరునందే. ఆ జాబులు చేరవలసినవారికి చేరవలసిన వేళకే చేరెనని మన పెద్దలు చెప్పుదురు. నేడు మన యిండ్లకు వచ్చు జాబుల విషయమున ఆ మాట చెప్పగలమా?

నా అనుభవ మొకటి విన్నవించెదను. కొన్ని యేండ్ల క్రిందట మా తమ్ముని కుమారునికి ఉద్యోగపు పరీక్షకు పిలుపు వచ్చినది. ఆనాడు ఇంట నెవరును లేరు. అందఱమును పోడుకు పోయియుంటిమి. తెచ్చినవాడు జాబును చూరులో దోపి పోయెను. రాత్రి వాన కురిసినది. నాలుగు దినములకు చూచుసరికి కాగితము ముద్దయైనది, పరీక్షదినమును దాటిపోయినది. తెచ్చినవానిని నిందించుటకు నాకు నోరు రాలేదు. ఎచ్చట పెట్టవలెనో నేను చూపియుండలేదు గదా! ఎన్నో కొండలు దాటి వచ్చిన జాబు తుది పది యడుగులలో పాడైనది. ఆ పది యడుగుల బాధ్యత మనది.

ఇంటింట సెల్లుఫోనులున్న యీ కాలమున జాబు లెక్కడివని కొందఱనవచ్చును. కాని ఆధారు జాబు, బ్యాంకివారి తాకీదు, భీమా నోటీసు మొదలైనవి నేటికిని కాగితముపై వచ్చుచునే యున్నవి. కావున ప్రతి యింటికిని జాబుల పెట్టె యవసరము.

పెట్టెను జింకుపూత గల యినుపరేకుతో చేయించుట మేలు. ఇంట మిగిలిన టేకు చెక్కయైనను పనికివచ్చును. మెత్తని కఱ్ఱను చెదలు విడువవు. ఖాళీ నూనెడబ్బాతో చేయించినచో లోపలను వెలుపలను రంగు వేయింపవలెను. లేనిచో రెండు వానకాలములకే తుప్పు పట్టును. పెట్టె లోపల పదునాలు గంగుళముల యెత్తు, పదునొకండంగుళముల వెడల్పు ఉన్నచో పెద్ద కవరును మడవకుండ వేయవచ్చును. నోరు పది యంగుళముల వెడల్పు, అంగుళమున్నరకు మించని యెత్తు చాలును. అంతకంటె పెద్దదైనచో చేయి దూరి, లోనిజాబును పైకి లాగవచ్చును. నోటిపై రేకు రెప్ప వ్రేలాడవలెను. కప్పు ముందునకు వాలి, మూడంగుళములు ముందుకు వచ్చియుండవలెను. అడుగున సన్నని రంధ్రములు నాలుగు వేసినచో చేరిన తేమ పోవును. తలుపునకు తాళము తప్పదు.

ఇక బిగించు చోటు. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు నైరృతి వానలు. అక్టోబరు, నవంబరు మాసములలో తూర్పుసముద్రపు తుపానులు. కావున వట్టి గోడకంటె చూరునీడయే శ్రేష్ఠము. ఐనను కుక్కయున్న యింట పెట్టెను దడి వెలుపలికి, బాటవైపునకు పెట్టుట న్యాయము. నోరు నేలనుండి నాలుగడుగుల యెత్తున ఉన్నచో నిలుచుండి వేయుట సులభము, మేకలకును అంత సులభముగా అందదు. మేక కాగితమును ఎంత రుచిగా తినునో మీకు నేను చెప్పవలసినది లేదు!

పెట్టెపై యింటిపేరు, యజమాని పేరు, అతని తండ్రి పేరు, ఊరు, 1972 ఆగస్టు 15 న ఏర్పడిన ఆరంకెల పిన్‌కోడు పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. ఒక్క పల్లెలో ఒకే పేరుగలవారు నలుగురుండుట మనకు వింత కాదు.

విడివిడిగా నున్న గూడెములవారు బాటకూడలియందు ఇంటికొక గది, గదికొక తాళముగా ఉమ్మడిపెట్టె నిలుపుకొనవచ్చును. అమెరికాలో 1896 లో పల్లెలకు ఇంటింటి టపా మొదలైనపుడు రైతులు ఖాళీ డబ్బాలను, సబ్బుపెట్టెలను బాటప్రక్కన కట్టిరి. వానకు తడిసి, గాలికి పడిపోవుటచే తరువాత కొలతలు నిర్ణయింపవలసి వచ్చెను. 1915 లో కుదిరిన గుండ్రని కప్పుపెట్టె నేటికిని అచ్చట వాడుకలో నున్నది.

ఒక్క హెచ్చరిక. చేతికిచ్చి సంతకము తీసికొనవలసిన జాబులు పెట్టెలో వేయదగినవి కావు. వెనుకటి రిజిస్టరు టపా 2025 లో స్పీడుపోస్టునందు కలిసినది. అట్టివి వచ్చినపుడు మన జాడ ఏ పొరుగింట విచారింపవలెనో టపాబంట్రోతునకు ముందే చెప్పియుంచుడు.

పెట్టె నిలిపి మఱచిపోరాదు. దినమున కొకమాఱు తెఱువవలెను; లేనిచో కందిరీగలు లోపల కాపురము పెట్టును. తాళపుచెవి ఇంటి పెద్దయొద్ద నొకటి, చదువు వచ్చిన బిడ్డయొద్ద నొకటి యుండవలెను.

ఈ మాటలు విన్న పెద్దలు తమ పల్లెలో తొలి పెట్టెను తామే నిలిపినచో పదిమందియు అనుసరింతురు. నా తమ్ముని కుమారునికి కలిగిన నష్టము మీ బిడ్డలకు కలుగకుండు గాక. సెలవు.