షట్టరు దించిన పంటి క్లినిక్కులు

పన్ను నొప్పి పుడితే లవంగ నూనె అద్దుకొని, ఉప్పునీళ్ళు పుక్కిలించి, కోతలయ్యేదాకా ఓర్చుకోవడం మన పల్లెలలో అలవాటే. కాని 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఓర్చుకోలేనివారికి సహితము పంటి డాక్టరు దొరకడం కష్టమైనది. రోగుల బాధను గూర్చి అందరము మాట్లాడుకొన్నాము. దించిన షట్టరు వెనుక ఉన్న కుటుంబములను గూర్చి తలచినవారు తక్కువ. సంఘ పత్రికలో ఈ సంగతి ఎందుకని కొందరు అడుగవచ్చు. ఆ డాక్టర్లలోను, వారి దగ్గర పనిచేసేవారిలోను మన సంఘముల బిడ్డలు ఉన్నారు గనుకనే వ్రాయుచున్నాము.

జ్వరమునకు ఫోనులో మందు చెప్పవచ్చును. పంటి పని అట్లు కాదు. పుచ్చిన భాగమును తొలిచే మిషను నీటిని చిమ్ముతూ తిరుగుతుంది. ఆ నీటితో కలిసి రోగి ఉమ్మి సన్నని తుంపరలై గదిలో తేలుతుంది. డాక్టరు ముఖము ఆ నోటికి ఎదురుగానే ఉంటుంది. అందుచేత 2020 మే నెలలో కేంద్ర ఆరోగ్య శాఖ, కంటైన్‌మెంట్ జోన్లలో పంటి క్లినిక్కులు మూసి ఉంచవలెననియు, రెడ్ జోన్లలో అత్యవసర పనులే చేయవలెననియు, మిగిలిన చోట్ల కూడ మామూలు చికిత్సలు వాయిదా వేయవలెననియు సూచించినది.

చిక్కంతా ఇక్కడే. క్లినిక్కును నిలబెట్టేది అత్యవసర పనులు కావు. రూట్ కెనాల్, క్యాపులు, కట్టుడు పళ్ళు, క్లిప్పులు, వీటి మీదనే అద్దె, కరెంటు బిల్లు, జీతములు గడుస్తాయి. అవి ఆగిపోయినవి, అద్దె ఆగలేదు. కుర్చీకి, ఎక్స్‌రే మిషనుకు చేసిన అప్పుల వాయిదాలకు రిజర్వు బ్యాంకు మార్చి 27న మూడు నెలల గడువు ప్రకటించి, తరువాత ఆగష్టు 31 వరకు పొడిగించిన మాట నిజమే. అయితే వడ్డీ నడుస్తూనే ఉన్నది. గడువు వేరు, మాఫీ వేరు. పంట ఋణములు తీసికొన్న మన రైతులకు ఈ తేడా ఎవరును చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో కూడ మార్చి 25 నుండి జూన్ 8 వరకు మామూలు దంత వైద్యము ఆగినది. కాని ప్రభుత్వ ఆరోగ్య సేవతో ఒప్పందమున్న క్లినిక్కులకు అక్కడ నెలనెలా సొమ్ము అందినది. మన దేశములో ఎక్కువమంది డాక్టర్లు రోగి ఇచ్చే ఫీజు మీదనే బ్రతుకుతారు. మామూలు ఆరోగ్య బీమా పంటి వైద్యమునకు సాధారణముగా వర్తించదు. కూలి ఆగిన ఇంటిలో మొదట కొట్టివేసే ఖర్చు ఇదే గదా!

తలుపులు తెరిచిన తరువాత కూడ లెక్క కుదరలేదు. కిట్లు, ఎన్95 మాస్కులు కొనవలెను. ఒక రోగి లేచిన తరువాత గది గాలి మారేదాకా ఆగవలెను. బిల్లులో కిట్టు ఖర్చు వేరుగా కనబడగానే మనవారు దోపిడి అన్నారు. కొన్న ధర మాత్రమే వేసినవారిని అట్లు నిందించడం న్యాయము కాదని మా అభిప్రాయము. ఒక కిట్టును చూపి పదిమంది దగ్గర వసూలు చేసినవారుంటే వారి సంగతి వేరు.

ఈ భారము అందరి మీద ఒకే తూకముగా పడలేదు. సొంత గది ఉన్న పాత డాక్టరు తట్టుకోగలడు. అప్పుచేసి క్రొత్తగా పెట్టినవాడు నలిగిపోతాడు. 2020 ఆగష్టులో ప్రభుత్వ హామీగల అత్యవసర ఋణమును డాక్టర్లకు కూడ వర్తింపజేశారు గాని, అది బ్యాంకులో ముందే అప్పు ఉన్నవారికే. చేబదుళ్ళతో క్లినిక్కు పెట్టినవారికి దానితో పని లేదు. ఇంకా క్రింద, పనిముట్లు అందించే అమ్మాయి, కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబు పనివాడు. కూలివాని జీతమును గూర్చి లేవీయకాండములో ఉన్న ఆజ్ఞ మనకు తెలిసినదే. యజమాని చేతిలోనే డబ్బు లేని నెలలో అది ఎట్లు నెరవేరవలెను? గదులు అద్దెకిచ్చినవారిలో మన సంఘ పెద్దలును ఉన్నారు గనుక, ఈ ప్రశ్న డాక్టరును మాత్రమే అడగడం సరికాదు.

2021 మే నెలలో ఆంధ్రలో కర్ఫ్యూ, తెలంగాణలో లాక్‌డౌన్ మరల వచ్చినవి. అప్పటికి సిమెంటుతో సరిపోవలసిన పుప్పి కొందరికి నరము దాకా దిగినది. రూట్ కెనాల్‌కు డబ్బులేనివారు పన్ను తీయించుకొన్నారు. అట్టివారి కొరకు దంత శిబిరము పెట్టవలెనని సంఘ కమిటీలు తలంచడం మంచిదే. అయితే యౌవన డాక్టరును ఉచితముగా రమ్మని అడుగక ముందు, మందులు, గ్లౌజుల ఖర్చయినను సంఘ నిధిలోనుండి ఇవ్వగలమా అని ట్రెజరరు గారిని అడగండి.