ఆరేడు వేల ఫోను... ఉద్దానంలో నెగ్గుతుందా?

2018 అక్టోబరు 11. తెల్లారకముందే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు విరిగిపడ్డాయి. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే గడిపాయి. అలాంటప్పుడు చేతిలోని సెల్‌ఫోను ఎంతకు కొన్నామన్నది కాదు, ఎంతసేపు పనిచేస్తుందన్నదే లెక్క. అందుకే పలాస, టెక్కలి ప్రాంతాల్లో చౌక ఫోనుకు పెట్టాల్సిన పరీక్షే వేరు.

ఇలాంటి ఫోన్లకు చక్కటి ఉదాహరణ రెడ్‌మి 9ఏ. 2020 సెప్టెంబరులో మన మార్కెట్లోకి వచ్చింది. అప్పటి ధర రూ.6,799. ర్యామ్ 2 జీబీ, స్టోరేజి 32 జీబీ, బ్యాటరీ 5000 ఎంఏహెచ్.

బ్యాటరీయే బలం

మాట్లాడటానికే వాడుకుంటూ, డేటా ఆపేస్తే ఇంత బ్యాటరీ రెండు రోజులకు తక్కువ కాకుండా వస్తుంది. రెండు సిమ్‌లు ఉంటాయి కాబట్టి ఒక కంపెనీ టవర్ మూగబోయినా ఇంకోదానికి ఆశ ఉంటుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రాన్నీ తక్కువగా చూడొద్దు. ఆ తీగే ఎఫ్‌ఎం రేడియోకు ఏరియల్! నెట్ లేకున్నా, స్టేషన్ అందే ఊళ్లో వార్తలు వినొచ్చు. విపత్తు వేళ పనికొస్తుందనే ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంచాలని 2023 ఏప్రిల్‌లో కేంద్రం తయారీదారులకు సూచించింది.

వేలిముద్ర లేకపోతేనేం?

ఈ ఫోనుకు వేలిముద్రతో తెరుచుకునే సదుపాయం లేదు. నగరంలో అది లోపమే. మరి పలాసలో? జీడిపిక్కల తొక్కలోంచి వచ్చే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్ల తరబడి పిక్కలు వొలిచిన చేతులకు గీతలే అరిగిపోతాయి. వేలు పెట్టినా యంత్రం ‘నువ్వెవరో తెలియదు’ అంటుంది. అలాంటివారికి అంకెల తాళమే మేలు.

అలల మీద...

భావనపాడు, నువ్వలరేవు జాలర్లు తీరం విడిచి దూరం వెళ్లేకొద్దీ సిగ్నల్ పోతుంది. అయినా జీపీఎస్ పనిచేస్తుంది. దానికి టవర్‌తో పనిలేదు, ఉపగ్రహాలు చాలు. కాకపోతే మ్యాపును ఒడ్డున ఉండగానే ఫోన్‌లో దాచుకోవాలి. తడి వేళ్లకు టచ్‌స్క్రీన్ సరిగా పలకదు. ఉప్పునీరు ఛార్జింగ్ రంధ్రంలోకి వెళితే తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. ఎంత చేసినా వేటలో ఇది తోడే తప్ప, వీహెచ్‌ఎఫ్ సెట్‌కూ లైఫ్ జాకెట్‌కూ సాటిరాదు.

లోపాలూ ఉన్నాయి

బ్యాటరీ పెద్దదే, కానీ నింపే ఛార్జర్ 10 వాట్లది. పూర్తిగా ఎక్కాలంటే దాదాపు మూడు గంటలు. తుపాను తర్వాత గంటసేపు కరెంటు వచ్చి పోతే మూడో వంతే నిండుతుంది! రెండు జీబీ ర్యామ్‌తో నాలుగు యాప్‌లు తెరిస్తే ఫోను నత్తనడకే. స్టోరేజిలో కొంత ముందే సాఫ్ట్‌వేర్‌కు పోతుంది. మిగిలింది వాట్సప్ వీడియోలతో నిండిపోతే, హైదరాబాద్‌లో కూలికెళ్లిన కొడుకు పంపిన ఫొటో కూడా దిగదు. డయాలసిస్‌కు తిరిగే మనిషున్న ఇంట్లో ఫోను ఇలా మొండికేస్తే వచ్చే ఇబ్బంది చిన్నది కాదు. కొన్నేళ్లకు భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయి. అలాంటి ఫోన్లో బ్యాంకు లావాదేవీలు క్షేమం కాదు.

కొనేముందు చూడండి

* మెమరీ కార్డుకు విడిగా చోటుందా? రెండో సిమ్ తీసేయాల్సి రాకూడదు.

* ఎఫ్‌ఎం, ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్నాయా?

* అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు?

* సర్వీస్ సెంటర్ ఎంత దూరం? రిపేరు కోసం శ్రీకాకుళమో విశాఖో వెళ్లాల్సి వస్తే చౌక కాస్తా ఖరీదవుతుంది.

కొన్నాక సెట్టింగ్స్‌లో అత్యవసర హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. 2023లో ప్రయోగాత్మకంగా దేశమంతా ఫోన్లను మోగించిన హెచ్చరికలు అవే. వాటికి నెట్ అక్కర్లేదు, టవర్ ఉంటే చాలు. తుపాను కబురు విన్న వెంటనే ఫోనును, వీలైతే ఓ పవర్ బ్యాంకునూ నిండా ఛార్జి చేసి పెట్టుకోండి. గాలి మొదలయ్యాక ఆ అవకాశం ఉండదు.