వెబ్‌సైటు గడప తొక్కిందెవరు?

కొట్లో కూర్చుంటే ఎన్ని సంగతులు తెలుస్తాయో! ఒకామె రాగానే పట్టుచీరల వైపు చూస్తుంది. ఇంకొకామె అంచు తడిమి, ధర అడిగి, 'మళ్లీ వస్తాలే' అని చెప్పులేసుకుంటుంది. ఏ రంగు నచ్చిందో, ఏ మాట దగ్గర ముఖం చిన్నబోయిందో మనం ఇట్టే పట్టేస్తాం. అదే చీరను వెబ్‌సైటులో పెడితే? వచ్చిందెవరో, చూసిందేమిటో, కొనకుండా ఎందుకు వెళ్లిందో ఒక్కటీ తెలియదు.

కర్నూలులో నేనూ, కడపలో మా వదినా కలిసి మాధవరం చీరలు అమ్ముతున్నాం. కడప జిల్లా సిద్ధవటం మండలంలోని మాధవరం నేతచీరలకు పేరున్న ఊరు. నేసిన సరుకును కొనేవాళ్ల దగ్గరకు చేర్చాలన్న తాపత్రయం మన సీమకు కొత్తేం కాదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం చేసిన పనీ అదే. ఇప్పుడు ఆ పనికి సెల్‌ఫోను కూడా తోడైంది. చీర బీరువాలో మిగిలిపోయిందంటే ఆగేది మా డబ్బొక్కటే కాదు. మగ్గం దగ్గర మరో ఇంటి కూలి కూడా ఆగుతుంది. అందుకే ఈ 'విజిటర్ ట్రాకింగ్' ఏమిటో తెలుసుకోవాలనుకున్నాను.

ఈ కుకీ తినేది కాదు

మన వెబ్‌సైటు తెరవగానే చూసేవారి ఫోనులోనో, కంప్యూటర్‌లోనో ఒక చిన్న చీటీ చేరుతుంది. దాని పేరు కుకీ. నెట్‌స్కేప్ కంపెనీ ఉద్యోగి లూ మోంటుల్లీ 1994లో దీన్ని రూపొందించారు. బ్యాంకులో టోకెన్ ఇస్తారే, అలాంటిదన్నమాట. టోకెన్ మీద నంబరుంటుంది గానీ పేరుండదు. అదే టోకెన్ మళ్లీ వస్తే 'నిన్నటి 47వ నంబరే ఈవేళ కూడా వచ్చింది' అని తెలుస్తుంది. అంతే! ఆవిడ తనంతట తాను ఫారం నింపి పేరు, ఈమెయిల్ ఇచ్చాకే ఆ నంబరుకు ఒక మనిషి జతవుతుంది.

ఈ చూపుల లెక్క రాసి, దాన్నిబట్టి ఎవరికి ఏ ఉత్తరం వెళ్లాలో తనే చూసుకునే సాఫ్ట్‌వేర్‌నే మార్కెటింగ్ ఆటోమేషన్ అంటారు. చెన్నై కంపెనీ జోహోతో సహా చాలామంది ఇలాంటివి ఇస్తున్నారు. మేం తీసుకున్నది మౌటిక్. 2014లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. దాన్ని ఉంచే సర్వర్ అద్దె మాత్రం మనమే కట్టుకోవాలి.

అమర్చుకోవడం ఇలా

మౌటిక్ కాన్ఫిగరేషన్‌లో 'ట్రాకింగ్ సెట్టింగ్స్' తెరిస్తే చిన్న కోడ్ ముక్క కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి, వెబ్‌సైటు ప్రతి పేజీలోనూ 'బాడీ' ముగిసేచోటుకు కాస్త ముందు అతికించాలి. వర్డ్‌ప్రెస్ సైటయితే ప్లగిన్‌తో సులువుగా అయిపోతుంది. మౌటిక్, వెబ్‌సైటు వేర్వేరు డొమైన్లలో ఉంటే, 'కార్స్' సెట్టింగ్స్‌లో మన వెబ్‌సైటు పేరు చేర్చాలి.

మన చీరలు మనమే పదిసార్లు చూసుకుంటాం కదా! అవి లెక్కలో పడకుండా ఇంటి ఐపీ అడ్రసును మినహాయింపు జాబితాలో పెట్టండి. తర్వాత ఇంటి వైఫై ఆపి, ఫోను డేటాతో ప్రైవేట్ విండోలో సైటు తెరిచి రెండు పేజీలు తిరగండి. ఆ రాకపోకలు పేరులేని సందర్శకురాలిగా మౌటిక్‌లో కనిపిస్తే పని అయినట్టే. ఒకే రకం చీరలు చూసినవారిని గుంపుగా చేర్చడానికీ, వారికి ఉత్తరాలు వెళ్లడానికీ 'క్రాన్ జాబ్' అనే గడియారపు ఏర్పాటు కావాలి. దాన్ని సర్వర్‌లో పెట్టించకపోతే గుంపు ఖాళీగానే ఉండిపోతుంది.

వదిన వేసిన ప్రశ్న

ఇదంతా చెప్పగానే వదిన, "ఏం పాపా, నేను ఏ చీర ఎన్నిసార్లు చూసినానో ఎవరైనా రాసుకుంటే నాకు బాగుంటాదా?" అనింది. న్యాయమైన ప్రశ్న. ఆడవాళ్ల ఫోను నంబరు ఒక్కసారి చేతులు మారితే ఎన్ని చికాకులో మనకు తెలియనిదా!

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో ప్రకటించారు. సమ్మతి వంటి ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఏ సమాచారం దేనికి తీసుకుంటున్నామో స్పష్టంగా చెప్పి, సమ్మతి అడగాలి. ఆ నోటీసును తెలుగులో కూడా చదువుకునే వీలుండాలి. ఇచ్చినంత సులువుగానే సమ్మతిని వెనక్కి తీసుకునే దారీ ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లల చూపులను ఇలా వెంటాడకూడదు.

గడువు చూసుకోకుండా మేం ముందే ఈ పద్ధతి పెట్టుకున్నాం. 'సరే' నొక్కితేనే కోడ్ పనిచేస్తుంది. టిక్కు మేం ముందుగా పెట్టం. ఫోను నంబరు అడగం. ప్రతి ఉత్తరం కింద 'ఇక వద్దు' అనే లింకు ఉంటుంది. 'మీరు ఫలానా చీర మూడుసార్లు చూశారు' అని ఎవరికీ రాయం. ఆ మాట చదివితే మనకే గుండె ఝల్లుమంటుంది కదా! 'మాధవరం నుంచి కొత్త చీరలొచ్చాయి' అని రాస్తే చాలు.

లెక్క ఏం చెప్పిందంటే...

మేమేమో ధర ఎక్కువై వెళ్లిపోతున్నారనుకున్నాం. లెక్క చూస్తే చాలామంది ధర చూశాక కూడా ముందుకెళ్లి, కొరియర్ ఛార్జీ పేజీ దగ్గరే ఆగిపోతున్నారు. చివర్లో హఠాత్తుగా కనిపించే ఖర్చు ఎవరికైనా చిరాకే! ఆ ఛార్జీని ఇప్పుడు చీర ధర పక్కనే రాస్తున్నాం. అక్కడ ఆగేవాళ్లు తగ్గారు.

అలాగని ఈ లెక్కే వేదం కాదు. కుకీ గుర్తుపట్టేది బ్రౌజర్‌ను, మనిషిని కాదు. ఒకే ఫోనులో అత్తాకోడళ్లు చూస్తే ఒక్కరిగా, ఒకే మనిషి ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ చూస్తే ఇద్దరిగా లెక్క పడుతుంది. కుకీలు చెరిపేస్తే పాతవారూ కొత్తవారే. 'సరే' అననివారు లెక్కలోకే రారు. పదిమంది రాకను చూసి కొత్త సరుకు తెప్పించకండి.

పచ్చళ్లో, బొమ్మలో, చీరలో అమ్మే సోదరీమణులారా! కోడ్ పెట్టించేముందు ఒక కాగితం మీద ఒకే ఒక్క ప్రశ్న రాసుకోండి. నాకేం తెలిస్తే నా పని బాగుపడుతుంది? దానికి అవసరమైనంతే సేకరించండి. మిగతాది కొనేవాళ్ల సొంతం. దాన్ని వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.