వానకూ చెమటకూ నడుమ

వీపున సంచి మోస్తూ కొండదారుల్లో రోజుల తరబడి నడిచేవారి వానకోటు ఒకేసారి రెండు రకాల నీటిని ఎదుర్కోవాలి. పైనుంచి కురిసే వానను అది లోపలికి రానివ్వకూడదు, ఒంట్లోంచి ఊరే చెమటను లోపల నిలవనివ్వకూడదు. మొదటి పని ఒక్కటే అయితే ప్లాస్టిక్ సంచీ చాలు, రెండో పని ఒక్కటే అయితే నూలు చొక్కా చాలు. రెండు పనులూ ఒకే గుడ్డ చేయాలని, ఆ గుడ్డ మడిస్తే సంచి మూలలో ఇమిడిపోవాలని, మూడు వందల గ్రాములకు మించి తూగకూడదని కోరినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఈనాడు అంగడిలో వేలాడే తేలికపాటి జాకెట్ మీది చీటీలో కనిపించే అంకెలన్నీ ఆ చిక్కును విప్పడానికి రెండు వందల ఏళ్లుగా జరిగిన ప్రయత్నాల గుర్తులే కనుక, జాకెట్‌ను ఎంచుకోవడం తెలియాలంటే దాని పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలియాలి.

రబ్బరు రాకముందు

కర్మాగారాలు పుట్టక ముందే మనుషులు ఈ సమస్యకు రెండు దారులు కనిపెట్టారు. దక్కను పీఠభూమిలో గొర్రెల కాపరులు నల్లగొర్రెల ఉన్నితో నేసిన గొంగడిని మడిచి, తలమీదుగా కొప్పెర పెట్టుకుని వానలో మందల వెంట తిరిగేవారు. ఉన్ని పోగుల పైభాగం నీటి బొట్టును వెంటనే పీల్చుకోదు, లోపలి భాగం మాత్రం తన బరువులో దాదాపు మూడో వంతు దాకా నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. అందువల్ల గొంగడి పూర్తిగా తడిసేలోగా చాలాసేపు వెచ్చగా ఉంచుతుంది, కాని తడిసిన తరువాత మోయడం కష్టం. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్, అల్యూట్ ప్రజలు సీలు, వాల్రస్ వంటి సముద్ర జంతువుల పేగులను శుభ్రపరచి, ఆరబెట్టి, పట్టీలుగా కోసి, నీరు చొరని కుట్లతో అంగీలు కుట్టుకున్నారు. కాగితంలా తేలికైన ఆ అంగీలు పడవ మీద విరిగిపడే అలలనూ ఆపేవి. బరువుతో కాపాడడం ఒక దారి, పలుచని పొరతో కాపాడడం మరొక దారి. తరువాతి చరిత్ర ఎక్కువగా రెండో దారిలోనే నడిచింది.

గ్లాస్గో కోటు

ఆధునిక వానకోటుకు ముడిసరుకు గ్యాసు దీపాల పరిశ్రమ వదిలేసిన వ్యర్థం. బొగ్గును వేడిచేసి దీపాలకు వాయువు తయారుచేసినప్పుడు మిగిలే తారును గ్లాస్గో రసాయనవేత్త చార్లెస్ మాకింటాష్ రంగుల తయారీకి కావలసిన అమ్మోనియా కోసం కొనేవాడు. ఆ తారు నుంచి వచ్చే నాఫ్తా అనే ద్రవం రబ్బరును కరిగిస్తుందని గుర్తించి, ఆ ద్రావణాన్ని రెండు గుడ్డల మధ్య పూసి, అతికించి, 1823లో పేటెంటు పొందాడు. రబ్బరు జిగురు రెండు గుడ్డల నడుమ దాగి ఉండడం వల్ల చేతికి అంటదు, నీరు దాటదు. అయితే ఆ తొలి కోట్లు చలికి కర్రలా బిగుసుకునేవి, ఎండకు మెత్తబడి జిగటగా మారేవి, వాసన కొట్టేవి. దర్జీ సూది గుచ్చిన ప్రతి చోటా నీరు కారేది. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే వేడికీ చలికీ చెక్కుచెదరని సాగే గుణం వస్తుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్, ఇంగ్లండులో థామస్ హాంకాక్ 1840ల తొలినాళ్లలో నిరూపించడంతో మొదటి లోపం తీరింది. వల్కనీకరణం అని పేరుపడిన ఈ ప్రక్రియ వానను ఆపడంలో కోటును దృఢపరిచింది కాని, చెమట విషయంలో ఏ మార్పూ తేలేదు. సంప్రదాయ మాకింటాష్ కోట్లకు చంకల కింద లోహపు కన్నాలు ఉండడానికి కారణం అదే: గుడ్డ చేయలేని పనిని కుట్టుపనితో చేయించవలసి వచ్చింది.

నేతతోనే నీటిని ఆపాలన్న ప్రయత్నాలూ సాగాయి. థామస్ బర్‌బెరీ 1888లో పేటెంటు పొందిన గాబర్డీన్ దగ్గరి నేత గుడ్డను ధ్రువ యాత్రికులు ధరించారు, 1924లో ఎవరెస్టుపై జార్జ్ మాలరీ కూడా ధరించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు పొడుగు పింజ పత్తితో వెంటైల్ అనే గుడ్డ రూపొందించారు. తడి తగలగానే అందులోని పోగులు ఉబ్బి నేతలోని సందులను మూసివేస్తాయి, ఆరితే మళ్లీ తెరుచుకుంటాయి. చల్లటి సముద్రంలో పడిపోయిన విమాన చోదకులను కాపాడడానికి దీన్ని వాడారు. ఊపిరాడే గుణం ఉన్నా తడిస్తే బరువెక్కి బిగుసుకునే ఈ గుడ్డ, ప్రతి గ్రామునూ లెక్కపెట్టి మోసే నడకరికి తగినది కాదు. 1960లలో నైలాన్ మీద పాలీయురేథేన్ పూత పూసిన సన్నని కోట్లు బ్రిటన్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ ప్రచారంలోకి వచ్చి బరువు సమస్యను తీర్చాయి, కాని ఏటవాలు ఎక్కేవాడు వానలో తడవకపోయినా తన చెమటలోనే తడిసేవాడు.

లాగితే సాగిన పదార్థం

1938 ఏప్రిల్ 6న అమెరికాలోని డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ తెరిచిన సిలిండరులో ఉండవలసిన వాయువుకు బదులు తెల్లటి మైనం వంటి పొడి కనిపించింది. పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్ అనే ఆ పదార్థమే తరువాత టెఫ్లాన్‌గా లోకానికి తెలిసింది. డూపాంట్‌లో పనిచేసిన బిల్ గోర్, ఆయన భార్య వీవ్ గోర్ 1958లో డెలవేర్ రాష్ట్రంలోని తమ ఇంట్లో ఈ పదార్థంతో విద్యుత్ తీగల తొడుగులు తయారుచేసే సంస్థను ప్రారంభించారు. 1969లో వారి కుమారుడు బాబ్ గోర్ వేడిచేసిన కడ్డీలను నెమ్మదిగా సాగదీయబోతే అవి తెగిపోతూ వచ్చాయి. విసుగెత్తి ఒక్కసారిగా గట్టిగా లాగినప్పుడు కడ్డీ తెగకుండా అనేక రెట్లు సాగింది. ఆ విధంగా సాగిన పదార్థంలో దాదాపు 70 శాతం గాలే ఉంటుంది, తక్కినదంతా కంటికి కనిపించని నారల వల.

ఈ వల వానను ఆపి ఆవిరిని వదలడానికి రెండు కారణాలున్నాయి. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల నీటి ఉపరితలం బిగించిన పొరలా ప్రవర్తిస్తుంది. దీనినే తలతన్యత అంటారు. తనను తడపనివ్వని పదార్థంలోని సన్నని రంధ్రంలోకి నీరు దూరాలంటే ఆ తన్యతను ఓడించేంత ఒత్తిడి కావాలి, వానచుక్కకు అంత బలం ఉండదు. ఆవిరి మాత్రం విడి అణువుల రూపంలో ఉంటుంది కనుక దానికి తలతన్యత లేదు. ఒక చదరపు అంగుళంలో సుమారు 900 కోట్ల రంధ్రాలుంటాయనీ, ఒక్కొక్కటీ నీటి బొట్టు కన్నా దాదాపు 20,000 రెట్లు చిన్నదనీ, నీటి ఆవిరి అణువు కన్నా 700 రెట్లు పెద్దదనీ కంపెనీ చెప్పే లెక్క. గోర్‌టెక్స్ పేరుతో 1976లో ఈ పొర అంగడిలోకి వచ్చింది.

అయితే తొలి జాకెట్లు కొంతకాలానికే కారసాగాయి. చర్మం మీది నూనె, చెమటలోని మలినాలు వలలోకి ఇంకి, నీటిని తడపనివ్వని గుణాన్ని దెబ్బతీయడమే అందుకు కారణం. దానికి విరుగుడుగా పొర లోపలి వైపు పాలీయురేథేన్‌ను అతి పలుచగా పూశారు. రంధ్రాలు లేని ఆ పూతలో నీటి అణువులు ముందు కరిగి, తేమ ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు జరిగి, బయట తిరిగి ఆవిరవుతాయి. ఈ జరుగుబాటును వ్యాపనం అంటారు. అంటే చాలా జాకెట్ల విషయంలో ‘శ్వాసించడం’ అనే మాట గాలి రాకపోకలను సూచించదు, ఆవిరి నెమ్మదిగా దాటిపోవడాన్ని మాత్రమే సూచిస్తుంది.

తోసేది ఎవరు?

ఆ ఆవిరిని బయటికి తోసే యంత్రం జాకెట్‌లో ఏదీ లేదు. లోపలి, బయటి బాష్పపీడనాల తేడాయే ఆ పని చేస్తుంది. గాలిలోని ఆవిరి కలిగించే ఒత్తిడే బాష్పపీడనం. కోటు లోపల 33 డిగ్రీల వద్ద గాలి తేమతో నిండి ఉంటే అది సుమారు 5 కిలోపాస్కళ్లు. హిమాలయాల్లో 5 డిగ్రీల వానలో బయటి పీడనం 0.9 మాత్రమే కనుక తేడా 4 దాటుతుంది. పడమటి కనుమల్లోనో నల్లమలలోనో 28 డిగ్రీల ముసురులో బయటి పీడనం 3.8 దాకా చేరడం వల్ల మిగిలే తేడా 1.2 మాత్రమే. అంటే చలిదేశాల నడకరులకు మేలుచేసిన అదే జాకెట్ మన వానాకాలంలో మూడోవంతు కూడా పనిచేయదు, ఆ లోపం జాకెట్‌ది కాదు. చలిలో మరొక ఇబ్బంది ఉంది: చల్లబడిన గుడ్డ లోపలి ముఖం మీదే ఆవిరి తిరిగి నీరై పేరుకుంటుంది.

ఈ నేపథ్యంలో చీటీ మీది అంకెలను చదవాలి. మొదటిది నీటి స్తంభం ఎత్తు. గుడ్డ మీద నీటిని నిలబెడుతూ పోతే ఎంత ఎత్తు దగ్గర అది కారుతుందో ఆ కొలత చెబుతుంది. 10,000 మిల్లీమీటర్లంటే 10 మీటర్ల నీటి ఒత్తిడి, దాదాపు వాతావరణ పీడనమంత. వానచుక్కల ఒత్తిడి కన్నా సంచి పట్టీలు భుజాల మీద కలిగించే ఒత్తిడి ఎక్కువ, అయినా ఈ స్థాయి చాలామందికి సరిపోతుంది. రెండోది రోజుకు చదరపు మీటరు గుడ్డ దాటించే ఆవిరి బరువు. 20,000 గ్రాములన్న అంకె గంటకు సుమారు 830 గ్రాములకు సమానం. గట్టిగా ఎత్తెక్కేవాడు గంటకు లీటరు దాకా చెమటోడ్చగలడు, పైగా వీపున సంచి ఆనిన భాగం దాదాపు పనిచేయదు. ఆవిరి కొలతకు పరీక్షా పద్ధతులు అనేకం కనుక రెండు వేర్వేరు పద్ధతుల అంకెలను పోల్చడం మామిడిపళ్లను గుమ్మడికాయలతో తూచినట్టే. ఆవిరికి గుడ్డ కలిగించే అడ్డంకిని కొలిచే ఆర్‌ఈటీ విలువ ఇచ్చి ఉంటే అది మెరుగైన గుర్తు. అది 6 కన్నా తక్కువైతే చాలా మంచిది, 20 దాటితే చెమట నిలుస్తుంది.

పై ముఖం, లోపలి ముఖం

పొర ఎంత గొప్పదైనా పైగుడ్డ నీరు పీల్చి తడిసిపోతే ఆవిరి దారి మూసుకుంటుంది, లోపల చల్లగా చెమ్మగా అనిపిస్తుంది, కోటు కారుతోందని ధరించినవారు పొరబడతారు. అందుకే పైగుడ్డకు నీటి బొట్టు జారిపోయేలా జలవికర్షక పూత పూస్తారు. దశాబ్దాలపాటు ఈ పూతలకు వాడిన ఫ్లోరిన్ సమ్మేళనాలు ప్రకృతిలో విచ్ఛిన్నం కాకుండా నీటిలో, జీవుల శరీరాల్లో పేరుకుంటాయని తేలడంతో ప్రభుత్వాలు ఆంక్షలు పెట్టాయి. కాలిఫోర్నియాలో 2025 నుంచి దుస్తుల్లో వాటిపై నిషేధం మొదలైంది, భారీ వానల కోసం చేసే కోట్లకు మాత్రం 2028 దాకా గడువు ఉంది. గోర్ సంస్థ కూడా 2022లో ఫ్లోరిన్ లేని పాలిథిలీన్ పొరను తెచ్చింది. ఫ్లోరిన్ లేని పూతలు నీటిని తోస్తాయి కాని నూనెను తోయలేవు కనుక ఇప్పటి జాకెట్‌ను మునుపటి కన్నా తరచుగా ఉతకాలి. చీటీ మీద అనుమతి ఉంటే తక్కువ వేడిలో ఆరబెట్టడం వల్ల పూత తిరిగి చురుకవుతుంది.

బరువు తగ్గించడం ఈ పొరల కూర్పులోనే ఉంది. పైగుడ్డ, పొర, లోపలి జాలీ కలిపి అతికిస్తే మూడు పొరల జాకెట్. జాలీకి బదులు పలుచని పూతగా గీతలు అచ్చొత్తితే రెండున్నర పొరల జాకెట్, అది ఇంకా తేలిక, కాని చర్మానికి అంటుకుంటుంది, త్వరగా అరుగుతుంది. పైగుడ్డ మందాన్ని డెనియర్లలో చెబుతారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. 10 డెనియర్ల గుడ్డ సీతాకోక రెక్కంత సున్నితం, ముళ్లపొదల్లో నడిచేవారికీ బరువైన సంచి మోసేవారికీ 20 నుంచి 40 దాకా ఉన్నది క్షేమం. కుట్ల మీద లోపలి వైపు టేపు అతికించి ఉందో లేదో చూడాలి. మాకింటాష్ కాలపు సూది రంధ్రాల సమస్యకు నేటి జవాబు అదే.

ఇలా చూస్తే ఎంపిక వాతావరణాన్ని బట్టి మారుతుంది. మంచుకొండల మీద మూడు పొరల జాకెట్, శిరస్సుతో పాటు తిరిగే టోపీ, చేతి అంచుల బిగింపు అవసరం. వెచ్చని ముసురులో ఎంత ఖరీదైన పొర అయినా ఓడిపోతుంది కనుక చంకల కింద పొడవాటి జిప్పులున్న చవక జాకెట్టో, సంచి మీదుగా వదులుగా వేసుకునే పోంచోనో, గాలి లేనప్పుడు గొడుగో ఎక్కువ ఉపయోగపడతాయి. ఎక్కడైనా మరువరానిది ఒకటుంది: గంటలకొద్దీ సాగే వానలో ఏ కోటూ ఒంటిని పొడిగా ఉంచలేదు, ఉంచవలసిన అవసరమూ లేదు, లోపల పట్టిన తడిని గాలి ఊడ్చుకుపోకుండా, చల్లటి వాననీరు పదేపదే ఆ తడి స్థానంలోకి రాకుండా ఆపగలిగితే శరీరం తన వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది. రబ్బరు కోటు చంకలో కుట్టిన లోహపు కన్నమూ, నేటి తేలిక జాకెట్ చంకలో కుట్టిన జిప్పూ ఒకే ఒప్పుకోలు: పొర ఎంత పలుచబడినా గాలికి తెరిచిన దారి చేసే పనిని అది పూర్తిగా చేయలేదు.