పెట్టెలో మిగిలిన గొంతు

దోహాలో తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్తే చాలాచోట్ల రెండు గడియారాలు కనిపిస్తాయి. ఒకటి హాల్లో, ఖతార్ టైముతో. రెండోది వంటింట్లోనో దేవుడి గూటి పక్కనో, రెండున్నర గంటలు ముందు నడుస్తూ. ఫోన్ తీస్తే ఏ దేశం టైమైనా తెలిసే రోజుల్లో ఈ రెండోది ఎందుకని మా స్నేహితుడి ఇంట్లో అడిగాను. "ఇప్పుడు అమ్మ పడుకుని ఉంటుందా, లేచి ఉంటుందా అని లెక్క వేసుకోనక్కర్లేదు కదండీ" అంది ఆయన భార్య. ఆయన మాత్రం నిజం చెప్పాడు. "తీసేద్దామంటే చేతులు రావు."

ఈ చేతులు రాని సరుకు మన ఇళ్లలో చాలానే ఉంది. గడువు తీరిన పాస్‌పోర్టులు నాలుగైదు, వాటి మీద కొత్తది పెట్టి రబ్బరు బ్యాండు. ఎప్పుడో రద్దయిన కంపెనీ అకామా కార్డు. మూత పగిలినా ఆవకాయకు అదే కావాలని పట్టుబట్టే జాడీ. మొదటిసారి సెలవుకు వెళ్లేటప్పుడు కొన్న సూట్‌కేసు. దాని చక్రాలు ఊడిపోయాయి, ఇప్పుడు అందులో శీతాకాలపు దుప్పట్లు ఉంటాయి. ఇల్లు మారిన ప్రతిసారీ పారేద్దామనుకుంటాం. మళ్లీ అదే లారీలో అదే మూల ఎక్కుతుంది.

గోడ క్యాలెండర్ సంగతి వేరే చెప్పాలి. జనవరి వచ్చేసరికి ఊరి నుంచి ఎవరో ఒకరు దాన్ని చుట్టచుట్టి తేవాల్సిందే. అయితే రాహుకాలం దగ్గర మనవాళ్లు ఏళ్ల తరబడి ఒక పొరపాటు చేస్తున్నారు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు అని క్యాలెండర్‌లో ఉంటే కొందరు ఇక్కడా అదే పాటిస్తారు. కొందరు రెండున్నర గంటలు తీసేసి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర అంటారు. రెండూ తప్పే. తిథి, నక్షత్రం మారే సమయానికైతే రెండున్నర గంటలు తీసేస్తే సరిపోతుంది, ఆ క్షణం లోకమంతటికీ ఒకటే. రాహుకాలానికి మాత్రం మనం ఉన్న ఊరి పగటిని ఎనిమిది భాగాలు చేసి, శుక్రవారమైతే నాలుగో భాగం తీసుకోవాలి. జూన్ చివరలో దోహాలో సూర్యుడు ఉదయం 4:45కే వచ్చేస్తాడు, సాయంత్రం 6:30 ప్రాంతంలో అస్తమిస్తాడు. ఆ లెక్కన శుక్రవారం రాహుకాలం సుమారు 9:50 నుంచి 11:35 వరకు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. పాటించేవాళ్లు సరిగ్గా పాటిస్తే బాగుంటుందని నా చాదస్తం.

ఈ చాదస్తం మనకొక్కరికే ఉందనుకోకండి. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే సమయం ప్రతి ఫోన్‌లోనూ ఉంటుంది. అయినా సూక్ వాకిఫ్ దగ్గర ఫిరంగి పేల్చాల్సిందే, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని జనం రావాల్సిందే. అదే నెల పద్నాలుగో రాత్రి గరంగావ్. పిల్లలు మెడలో సంచులు వేలాడదీసుకుని మిఠాయిలు, పప్పులు అడుక్కోవడానికి ఇల్లిల్లూ తిరుగుతారు. సూక్ వాకిఫ్‌లో సామాను మోయడానికి తోపుడు బండ్లతో తిరిగే కూలీలు ఇప్పటికీ ఉన్నారు. మన మార్కెట్ యార్డుల్లో వాడే "హమాలీ" అన్న మాట అరబ్బీ నుంచి వచ్చిందే. అంతెందుకు, ఒకప్పుడు ఇక్కడ చెల్లింది మన రూపాయే. 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ ప్రాంతం కోసం విడిగా నోట్లు ముద్రించింది. వాటి నంబరు ముందు "జెడ్" అక్షరం ఉండేది. 1966 జూన్‌లో భారత ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించడంతో ఖతార్ దాన్ని వదిలేసింది. పాత నోట్లు సేకరించేవాళ్లు ఆ జెడ్ నోట్ల కోసం ఇప్పటికీ వెతుకుతుంటారు.

గడియారానికి, క్యాలెండర్‌కు వచ్చిన ఢోకా ఏమీ లేదు. రోజూ వాటిని చూస్తాం. భద్రంగా దాచిపెట్టి కూడా వాడుకోలేక పోతున్నది మాత్రం ఒకటుంది. మీ ఇంట్లోనూ ఉండొచ్చు, ఒకసారి పాత పెట్టె వెతకండి.

మాటల ఉత్తరం

1970ల చివరి నుంచి 1990ల దాకా గల్ఫ్‌కు వచ్చిన మనవాళ్లలో చాలామంది ఇంటికి ఉత్తరంతో పాటు క్యాసెట్ పంపేవారు. ఇంట్లో అమ్మకు చదువు రాదు. ఉత్తరం రాస్తే పోస్ట్‌మ్యానో, బడిపంతులో చదివి వినిపించాలి. భార్యకు చెప్పాలనుకున్న మాట వాడకట్టంతా వింటుంది. అందుకని టూ-ఇన్-వన్ ముందు కూర్చుని, ఎర్ర బటన్, ప్లే బటన్ కలిపి నొక్కి మాట్లాడేవారు. ఊరికి పోయే మనిషి ఎవరో కనుక్కుని, సబ్బులు, అత్తరు సీసాలతో పాటు ఆ క్యాసెట్ ఇచ్చి పంపేవారు. జవాబు కూడా అలాగే వచ్చేది.

దోహాలో టూ-ఇన్-వన్ కొనాలంటే ఎలక్ట్రానిక్స్ దుకాణాలన్నీ కహ్రబా వీధిలో ఉండేవట. కహ్రబా అంటే అరబ్బీలో కరెంటు. ఈ ఊళ్లో మొదట కరెంటు దీపాలు వెలిగిన వీధి కాబట్టి ఆ పేరు. ఆ పేట అంతా కొట్టేసి ఇప్పుడు మ్షీరిబ్ డౌన్‌టౌన్ కట్టారు, ట్రామ్ తిరుగుతోంది. అక్కడే నాలుగు పాత ఇళ్లను మ్యూజియంలుగా ఉంచారు. వాటిలో "కంపెనీ హౌస్" అనే ఇంట్లో చమురు కంపెనీలో పనిచేసిన మొదటితరం ఖతారీ కార్మికుల కథ చూపిస్తారు. వెళ్లకపోతే తప్పక వెళ్లండి. అది చూసిన రోజు నుంచీ మన మొదటితరం కార్మికుల కథ ఎక్కడుందా అని నేను ఆలోచిస్తున్నాను. అది ఇంకా మన అటకల మీదే, క్యాసెట్లలో ఉంది.

ఉంది అన్నాను కానీ, చాలావరకు లేదు. కారణం చెబితే మనసుకు కష్టంగా ఉంటుంది. క్యాసెట్ డబ్బు పెట్టి కొనేది. అందుకని వచ్చిన క్యాసెట్ మీదే జవాబు రికార్డు చేసి తిప్పి పంపేవారు. కొడుకు మాట మీద తల్లి మాట, తల్లి మాట మీద మళ్లీ కొడుకు మాట. ప్రతి జవాబూ అంతకు ముందు ఉత్తరాన్ని చెరిపేసేది. ఆ రాకపోకలన్నీ ఆగాక మిగిలిన వాటి మీద ఇంట్లో పిల్లలు సినిమా పాటలు ఎక్కించారు. ఆ పిల్లల్లో నేనూ ఒకణ్ని.

చెరగకుండా మిగిలినవి రెండు రకాలు. ఎవరైనా తెలివిగా క్యాసెట్ పైఅంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలక విరిచేసినవి ఒకటి. అది విరిస్తే ఆ వైపు మళ్లీ రికార్డు కాదు. జవాబు పంపాల్సిన అవసరమే లేకుండా పోయినవి రెండోది.

బాపు క్యాసెట్

మాది జగిత్యాల దగ్గర పల్లె. బాపు 1983లో బొంబాయి మీదుగా దోహా వచ్చాడు. పదిహేనేళ్లు రాడ్ బెండింగ్ పని చేసి 1998లో ఇంటికి చేరాడు. నేను ఇక్కడికి వచ్చి కూడా పదిహేనేళ్లు దాటింది. రెండేళ్ల కింద ఇంటికి సున్నం వేయించేటప్పుడు ఆయన ఇనుప పెట్టె తీస్తే అడుగున గుడ్డలో చుట్టిన క్యాసెట్ దొరికింది. "అది మీ బాపమ్మది. ఉండనియ్యి" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. ఇంట్లో దాన్ని వేసే డబ్బా లేదు. బతిమాలి నా వెంట దోహాకు తెచ్చుకున్నాను.

ఇక్కడ ప్లేయర్ కోసం నజ్మాలోని సూక్ అల్ హరాజ్‌కు పోయాను. పాత సామాన్లు అమ్మే బజారు. మనం వేలంపాటను "హర్రాజు" అంటామే, ఆ మాటే ఇది. మూడు శుక్రవారాలు తిరిగితే ఒక మలయాళీ దుకాణంలో టూ-ఇన్-వన్ దొరికింది, అరవై రియాళ్లు. రేడియో పలుకుతోంది కానీ క్యాసెట్ తిరగడం లేదు. విప్పి చూస్తే లోపలి రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయింది. పాత ప్లేయర్లకు ఇది మామూలే. బెల్టు మార్చి ఆయనే ఇచ్చాడు. డబ్బులు తీసుకుంటూ "ఎవరి క్యాసెట్?" అని అడిగాడు. చెప్పాను. ఆయన దగ్గర కూడా ఒకటి ఉందట, నాన్నది.

మొదటి వైపు పలక విరిచి ఉంది. బటన్ నొక్కాక కాసేపు బుస్సుమని చప్పుడు. తర్వాత కోడి కూత. ఎవరో "మాట్లాడే, మాట్లాడు, తిరుగుతాంది" అంటున్నారు.

"కొడుకా, మంచిగున్నవా. మేమందరం మంచిగనే ఉన్నం. పైసలు అందినయి. సావుకారికి సగం కట్టినం. బాయిల నీళ్లు అడుగంటినయి. ఎర్రావు ఈనింది, కోడెదూడ. సకినాలు పంపిన, అందినయా? అన్నం తింటున్నవా, ఉత్త రొట్టెలేనా?"

ఇరవై నిమిషాలు ఇవే మాటలు. ఎవరి పెళ్లి కుదిరింది, ఎవరు చచ్చిపోయారు, ఎవరి బోరులో నీళ్లు పడలేదు. చివరి అయిదు నిమిషాల్లో ఒక విచిత్రం జరిగింది. బాపమ్మ గొంతు రానురాను సన్నబడి, వేగం పెరిగి, చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. క్యాసెట్ పాడైందేమో అని గాబరా పడ్డాను. కాదు. ఊళ్లో రికార్డు చేసేటప్పుడు సెల్లులు అయిపోవస్తున్నాయి. సెల్లుల బలం తగ్గితే టేపు నెమ్మదిగా కదులుతుంది. అలా రికార్డయినదాన్ని సరైన వేగంతో వింటే గొంతు పరుగెత్తుతుంది. కంప్యూటర్‌లో వేగం కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతే ఆమె మళ్లీ ముసలామె అయింది.

క్యాసెట్ తిప్పి రెండో వైపు పెట్టాను. ఏమీ ఉండదనుకున్నాను. పలక విరవలేదు కూడా.

"అవ్వా, నేను మంచిగున్న." బాపు గొంతు. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు, ఇప్పటి నాకంటే చాలా చిన్నవాడు. "ఇక్కడ పని నీడకే. ఎండకు పోయేది లేదు. రూముల ఏసీ ఉన్నది. దసరాకు వస్త." ఆరు నిమిషాలుంది. అవ్వ మాట చెరపకుండా వెనక వైపు మాట్లాడాడు. గురువారం ఊరికి పోయే మనిషికి ఇద్దామనుకున్నాడట. మంగళవారం టెలిగ్రాం వచ్చింది.

ఫోన్‌లో ఆయనకు రెండు వైపులూ వినిపించాను. అవ్వ మాటలు విన్నంతసేపూ కదల్లేదు. తన గొంతు రాగానే నవ్వాడు. "ఎంత అబద్ధమాడిననురా. ఆ ఎండలకు రాడ్లు పట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతుండె." కాసేపాగి, "సకినాలు అందినయని చెప్పుడే మరిచిన" అన్నాడు.

మీ దగ్గర ఉంటే

ఇంకా ఆలస్యం చేయకండి. టేపు మీది అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. అన్నిటికంటే ముందు పైఅంచున ఉన్న రెండు పలకలూ విరిచేయండి. పొరపాటున ఎర్ర బటన్ నొక్కినా మాటలు చెరగవు. ఎండాకాలం కారులో మాత్రం క్యాసెట్‌ను వదలకండి. వేసే ముందు పెన్సిల్‌తో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నెమ్మదిగా చుట్టి, మళ్లీ వెనక్కి చుట్టండి. ఏళ్ల తరబడి అంటుకుపోయిన పొరలు విడతాయి. టేపు వెనక, మధ్యలో చిన్న మెత్త ఉందో లేదో చూడండి. అది ఊడిపోతే శబ్దం బాగా మందగిస్తుంది. ఇంకో క్యాసెట్‌లోది తీసి పెట్టొచ్చు. ప్లేయర్ హెడ్‌ను దూదితో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్ మైకు రంధ్రానికి ఒక తీగ. అడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఇంత చాలు. మొదట వేవ్ ఫైల్‌గా దాచి, పంచుకోవడానికి ఎంపీ3 చేసుకోండి. చప్పుడు తగ్గిద్దామని మరీ శుభ్రం చేయకండి, కోడి కూత కూడా పోతుంది. టేపు తెగి ఉంటే మామూలు ప్లాస్టర్‌తో అతికించొద్దు, దాని జిగురు పక్క పొరలకు పాకుతుంది. స్ప్లైసింగ్ టేపు విడిగా దొరుకుతుంది, అదే వాడాలి. క్యాసెట్ మరీ పాడైతే సొంతంగా ప్రయోగాలు చేయకుండా తెలిసినవాళ్లకు ఇవ్వండి.

నా టూ-ఇన్-వన్ సంగతి మా బిల్డింగ్‌లో తెలిసింది. అక్కడి నుంచి సనాయ్యాలో పనిచేసే మన వాళ్లకు పాకింది. ఇప్పటికి నలుగురు వచ్చారు. ఇద్దరి క్యాసెట్లలో పాటలే ఉన్నాయి. ఒకదాంట్లో పాటకూ పాటకూ మధ్య, చెరగకుండా మిగిలిపోయిన మూడు సెకన్లలో ఒక ఆడగొంతు "అయితే మరి" అంటుంది, అంతే. అది వాళ్ల అమ్మే అని ఆయన ఖాయంగా చెప్పాడు. మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. ఆ మూడు సెకన్లూ విడిగా కోసి ఇమ్మన్నాడు, ఇచ్చాను.

బాపు మొన్న ఫోన్‌లో "ఆ డబ్బా అమ్మకు" అన్నాడు. అమ్మను. వచ్చే శుక్రవారం అల్ ఖోర్ నుంచి ఒకాయన వస్తున్నాడు. టేపు రెండుచోట్ల తెగిందట. చిన్న స్క్రూడ్రైవర్, స్ప్లైసింగ్ టేపు తెచ్చి పెట్టాను.