బలవంతానికి లొంగని కండరం

"మీ విద్యార్థి దశను గురించి ఏదైనా వ్రాయండి" అని సంచిక సంపాదకులు అడిగారు. ఆ రోజుల్లో నేను చేసిన ఘనకార్యాలు రెండే. ఒకటి, పరీక్షలు పాసవడం. రెండు, మూడు నెలలపాటు కుంటుతూ నడవడం. మొదటిదాన్ని గురించి చెప్పడానికేమీ లేదు. రెండవదాన్ని గురించి చెప్పక తప్పదు. ఎందుకంటే మొన్న ఒక సాయంత్రం మైదానం పక్కనుంచి వెళుతూ, కరాటే నేర్చుకుంటున్న కుర్రవాళ్ళను చూశాను. నలభై ఏళ్ళ క్రితం మేము చేసిన పొరపాటునే వాళ్ళూ చేస్తున్నారు.

నేను కాలేజీలో చేరింది 1982లో. 'ఎంటర్ ది డ్రాగన్' 1973 నాటి చిత్రమే అయినా, మా హాస్టల్లో బ్రూస్ లీ మీద మోజు ఇంకా తగ్గలేదు. నేనూ ఊళ్ళో ఒక కరాటే బడిలో చేరాను. ఎదుటివాడి తల ఎత్తున తన్నాలని కోరిక. నా కాలేమో నడుము దాటి లేచేది కాదు. ఒక సీనియర్ నా అవస్థ చూసి, "ఏముందోయ్, నెల రోజుల్లో సాపు చేసేస్తాను" అన్నాడు. గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ చెరో పక్కకు చాపించి, తన పాదాలతో నా చీలమండలను తోయడం మొదలుపెట్టాడు. నేను పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాను. పదో రోజున కుడి గజ్జలో పుటుక్కుమంది. అంతే! ఆ తరువాత చాలాకాలం గోడ పట్టుకోనిదే మెట్లెక్కలేదు.

అసలు అక్కడ ఏముంది?

తుంటి దగ్గర ఉన్నది బంతిగిన్నె కీలు. తొడ ఎముక పైకొస బంతిలాగా ఉండి, కటి ఎముకలోని గిన్నెలాంటి గుంటలో ఇమిడి తిరుగుతుంది. తొడలను దగ్గరకు లాగే కండరాలు లోపలి వైపున అయిదున్నాయి: అడక్టర్ లాంగస్, అడక్టర్ బ్రెవిస్, అడక్టర్ మాగ్నస్, గ్రాసిలిస్, పెక్టీనియస్. ఈ పేర్లు గుర్తుండకపోయినా నష్టం లేదు. "గజ్జ పట్టేసింది" అని మనం అనేది చాలాసార్లు వీటి సంగతే. ముందువైపున ఇలియోసోయాస్ ఉంది. గంటల తరబడి కుర్చీకి అతుక్కుపోయే మనబోటివాళ్ళకు బిగుసుకుపోయేది అది. తొడ వెనుక భాగాన హామ్‌స్ట్రింగులు ఉన్నాయి.

ఇప్పుడొక చిన్న పరీక్ష. బల్ల పక్కన నిలబడి, నడుము ఒరగకుండా, ఒక కాలును పక్కకు చాపి బల్లమీద పెట్టండి. తరువాత రెండో కాలు. విడివిడిగా రెండూ ఇంచుమించు నడుము ఎత్తుకు వెళ్ళాయంటే ఎముకల అడ్డు చాలావరకు లేదన్నమాట. ఒక తొడనుంచి రెండో తొడకు సాగే కండరం ఏదీ లేదు గదా! మరి రెండు కాళ్ళూ ఒకేసారి నేలమీద చాపబోతే ఎందుకు మొరాయిస్తాయి?

కాపలావాడు

జవాబు కండరం పొడుగులోకంటె దాని కాపలాలో ఎక్కువగా ఉంది. కండరాల్లో స్పిండిల్స్ అనే సూక్ష్మమైన గ్రాహకాలు ఉంటాయి. కండరాన్ని హఠాత్తుగా లాగితే అవి వెన్నుపాముకు కబురు పంపుతాయి; వెంటనే కండరం తనంతట తానే బిగుసుకుంటుంది. లిడెల్, షెరింగ్టన్ అనే శాస్త్రజ్ఞులు 1924లోనే దీన్ని వివరించారు. డాక్టరు మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగరడానికీ కారణం ఇదే. కాబట్టి ఊగుతూ, కుదుపుతూ, మరొకరిచేత తోయించుకుంటూ గజ్జలు సాగదీయడమంటే, మన కండరంతో మనమే తాడులాగుడు పందెం వేసుకోవడం. కండరం గెలిస్తే కాలు చాచుకోదు. మనం గెలిస్తే కండరం చిరుగుతుంది. నా విషయంలో జరిగింది ఈ రెండవదే!

ఇంకొక మాట. గిన్నె లోతు, తొడ ఎముక మెడ వంపు అందరికీ ఒకే తీరుగా ఉండవు. పాదాలు ముందుకే చూస్తూ కాళ్ళు పక్కలకు చాపితే, కొంతదూరం పోయాక ఎముకకు ఎముక అడ్డుపడుతుంది. కాలివేళ్ళు పైకి తిప్పినా, తుంటి దగ్గర కాస్త ముందుకు వంగినా మరికొంత దారి దొరుకుతుంది. మన కూచిపూడి నర్తకులు అరమండిలో తొడలను బయటికి తిప్పి కూర్చుంటారు, గమనించండి. మవాషిగేరి తన్నేటప్పుడు నేలమీది కాలి మడమను ఎదుటివాడివైపు తిప్పమని గురువులు పోరేది కూడా ఇందుకే. "నాకు గజ్జలు వదులు కావడంలేదండీ" అని వాపోయే చాలామంది లోపం గజ్జల్లో లేదు, తిప్పని మడమలో ఉంది.

ఏం చెయ్యాలి?

మొదట ఒళ్ళు వేడెక్కాలి. బ్రూస్ లీ అంతటివాడే 1970లో ఒళ్ళు సరిగా వేడెక్కించుకోకుండా బరువు మోస్తూ ముందుకు వంగే వ్యాయామం చేసి, నడుము దెబ్బతిని నెలల తరబడి మంచం పట్టాడు. అయిదు పది నిమిషాలు తాడు ఆట గాని, మెల్లని పరుగు గాని చాలు. ఆపైన గోడ పట్టుకుని ఒక్కొక్క కాలును ముందుకూ పక్కకూ పదేసి పన్నెండేసి సార్లు ఊపండి. మొదటి ఊపు మోకాలి ఎత్తు, ఆఖరుది నడుము ఎత్తు. విసరకూడదు. తన్నులకు ముందు ఒకే భంగిమలో నిమిషాల తరబడి సాగదీస్తే కండరం చురుకు కొంతసేపు తగ్గుతుంది. కనుక ఆ పని అభ్యాసం ముగిశాక పెట్టుకోండి.

అభ్యాసం అయ్యాక బద్ధకోణాసనం వెయ్యండి. అరికాళ్ళు రెండూ కలిపి కూర్చుని, వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గరనుంచి ముందుకు వంగాలి. తరువాత ఒక మోకాలు నేలమీద ఆనించి, రెండో పాదం ముందుకు వేసి, పిరుదులు బిగించి ముందుకు జరగాలి. దీనితో ఇలియోసోయాస్ సాగుతుంది. ఒక్కొక్కటి 30 సెకన్లు, రెండు మూడు సార్లు. 1994లో బాండీ, ఐరియన్ అనేవారు హామ్‌స్ట్రింగుల మీద చేసిన పరిశోధనలో 15 సెకన్లకంటె 30 సెకన్లు మేలని తేలింది. 60 సెకన్లు పట్టినా అదనంగా ఒరిగిందేమీ లేదు.

కాపలావాణ్ణి మచ్చిక చేసుకొనే కిటుకు ఒకటుంది. 1940లలో అమెరికాలో హెర్మన్ కబాట్ అనే వైద్యుడు పక్షవాతం, పోలియో వంటివి వచ్చినవారికోసం రూపొందించిన చికిత్సలోనుంచి ఇది క్రీడాకారులకు వచ్చింది. బద్ధకోణాసనంలో ఉండగా మోచేతులు మోకాళ్ళమీద ఆనించి, మోకాళ్ళను పైకి ఎత్తబోతున్నట్టు అయిదారు సెకన్లు నెట్టండి, మోచేతులు మాత్రం కదలనివ్వకండి. తరువాత ఊపిరి వదులుతూ కండరాలను సడలించండి. మోకాళ్ళు వాటంతట అవే ఇంకొక అంగుళం దిగుతాయి. మూడు సార్లు చేస్తే చాలు.

అన్నిటికంటె ముఖ్యం బలం. గజ్జ చిరిగి నేను వెళ్ళినప్పుడు ఫిజియోథెరపిస్టు నన్ను సాగదీయమనలేదు. రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని నొక్కమన్నారు! నాకు నవ్వొచ్చింది. అర్థం కావడానికి ఏడాది పట్టింది. సాగిన చోట నిలబడగల సత్తువ ఉందని తేలితేనే కండరం భయం మానుతుంది. పైగా తన్నేటప్పుడు కాలు ఎత్తిపెట్టడానికి పక్కన ఎవరూ ఉండరు. అందుకని కిబాదాచిలో నిలబడడం, పక్కకు అడుగు వేసి ఒక మోకాలిపై కూర్చుని లేవడం, గోడ పట్టుకుని కాలును మెల్లగా పక్కకు ఎత్తి అయిదు సెకన్లు నిలపడం చెయ్యండి. కొంత బలం వచ్చాక కోపెన్‌హాగెన్ వ్యాయామం: పక్కకు పడుకుని, పై కాలు బెంచీమీద ఉంచి, ఆ తొడ బలంతో ఒళ్ళు లేపాలి. దీన్నే చేయించిన నార్వే ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో గజ్జల బాధలు 41 శాతం తక్కువగా కనిపించాయని 2019లో ప్రకటించారు.

ఇదంతా వారానికి మూడు రోజులు చాలు. ఫలితానికి రెండు మూడు నెలలు ఆగాలి. తొడ మధ్యన కండ లాగినట్టుంటే ఫరవాలేదు. గజ్జ మడతలో, కీలు లోపల గుచ్చినట్టుంటే అక్కడే ఆపండి. పుటుక్కుమన్నా, కమిలినా, దగ్గినప్పుడు గజ్జలో ఉబ్బు కనబడినా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. నూనె రాసి మర్దనా చేయించుకుంటూ కూర్చోకూడదు.

చివరగా, ఇన్నాళ్ళూ ఎవరితోనూ అననిది. నా గజ్జ బాగుపడి, 1985 నాటికి నేనూ బ్రౌన్ బెల్టు సీనియర్నయ్యాను. కొత్తగా చేరిన ఒక కుర్రవాణ్ణి గోడకు ఆనించి కూర్చోబెట్టి, నా పాదాలతో తోశాను. "చాలన్నా, చాలు" అన్నాడు. "నేనూ ఇలాగే నేర్చుకున్నాను లేవోయ్" అన్నాను. అది అబద్ధం. నేను అలా నేర్చుకోలేదు, అలా కుంటివాణ్ణయ్యాను. ఆ సంగతి తెలిసీ తోశాను. ఆ కుర్రవాడు మరుసటి వారం నుంచి రాలేదు. ఏమయ్యాడో నేను వాకబు చెయ్యలేదు.

మొన్న మైదానంలో ఆగి ఈ నాలుగు ముక్కలూ చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. అందుకని ఇక్కడ వ్రాస్తున్నాను. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ తొడల సంగతి మీ తొడలకు వదిలేయండి. అవి తొందరపడవు, మోసమూ చెయ్యవు. పక్కవాడు "చాలు" అన్నప్పుడు మాత్రం చేతులు తీసేయండి. కరాటేలో మొదట నేర్వవలసిన పట్టు అదేనని నాకు ఆలస్యంగా తెలిసింది.