వేసవి నీరు – జలప్రాణుల ఊపిరి



వేసవి తెల్లవారుజామున చెరువులోని చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచి మూయుచుండుట మీరు చూచియే యుందురు. ఆకలిగొన్నవని తలంచి కొందఱు అప్పుడే తవుడు చల్లుదురు. అది ఆకలి కాదు, ఊపిరాడని బాధ. దీని కారణమును జెల్లీ చేప యను అల్పప్రాణి మనకు తేటగా బోధింపగలదు.

పేరునకు చేపయే గాని యది చేప కాదు. దానికి ఎముకలు లేవు, నెత్తురు లేదు, మొప్పలు లేవు, మూత్రపిండములును లేవు. దేహములో నూటికి తొంబదియైదు పాళ్లు నీరే. ఇవి సముద్రమున విస్తారముగా నుండును. అయినను రూపాయి బిళ్లకు మించని చిన్నజాతి యొకటి పడమటి కనుమలలో కృష్ణ ఉపనదుల మంచినీటియందును కలదు.

ఇది ప్రాణవాయువును దేహపుపొర గుండనే గ్రహించును. తిన్న ఆహారము వలన పుట్టు అమ్మోనియా యను మలినమును ఆ పొర గుండనే నీటిలోనికి విడుచును. ఓర్వదగిన మేరలో నీరు పది డిగ్రీలు వెచ్చనైనచో ఈ వ్యాపారము రమారమి రెండు మూడు రెట్లగును. తిన్నపిమ్మట మలినము హెచ్చును. పస్తున్నచో తగ్గి, దేహమే కుంచించుకొనిపోవును.

చేపకు మొప్పలున్నను లెక్క అదియే. వేడిచేత దాని ఖర్చు పెరుగును, రాబడి తగ్గును. 20 డిగ్రీల సెల్సియస్ నీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే పట్టుకొనును. రాత్రివేళ నీటిలోని నాచు సయితము ప్రాణవాయువును వాడుకొనును. కావుననే తెల్లవారునప్పటికి కఱవు. మఱియు నీటి వేడిమియు క్షారగుణమును హెచ్చినకొలది అమ్మోనియాలోని విషభాగము పెరుగును.

మన మొగుడంపల్లి మెట్టసీమలో చెరువులకు వాననీరే ఆధారము. వేసవిని నీరు తరుగును, చేపల సంఖ్య తరుగదు. కొద్దినీటిలో మలినము చిక్కనగును. అట్టి వేళ చల్లిన తవుడు చేపకు మేత గాక, కుళ్లి మిగిలిన ప్రాణవాయువును హరించును.

కావున చేపలు నోళ్లు తెఱచిననాడు తవుడు, చెక్క, పేడ వేయరాదు. బావినీరున్నచో ఎత్తునుండి చిమ్ముచు వదలవలెను. గాలి సోకిన నీరు మేలు. నీరు మిక్కిలి తరుగకముందే ఎదిగిన చేపలను పట్టి అమ్ముకొనవలెను. చెరువు పదిమంది సభ్యులది; ఒకరి తొందరపాటు పదిమందికి నష్టము.

ఆకలిగొన్న చేప నాలుగు దినములోర్చును. ఊపిరాడని చేప ఒక పూట యోర్వదు.